గాలి దూరని కుండీ

ఆ వీధిలో నవ్వుతూ పోయే పెద్దవాళ్ళలో సగం మంది నవ్వు పళ్ళపిన్ని చేసి పెట్టిందే. ఆ సంగతి వాళ్ళకన్నా ఆమెకే ఎక్కువ గుర్తు. బస్సు కోసం నిలబడినప్పుడు ఎవరైనా పలకరింపుగా నవ్వితే మొహం చూడదు, పళ్ళే చూస్తుంది. "ఎడంవైపు కోర కాస్త దిగింది. గట్టివి కొరుకుతున్నారు కదూ? వద్దని చెప్పానా లేదా?" అంటుంది. పలకరించిన పాపానికి ఆ మనిషి నోరు మూసుకుని బస్సెక్కుతాడు.

పిన్ని అన్నది ప్రేమతో వచ్చిన పిలుపు కాదు. అక్కా అంటే చనువు తీసుకున్నట్టు ఉంటుంది, అమ్మా అంటే కరగమని అడిగినట్టు ఉంటుంది. ఎటూ తేలక ఎవరో పిన్నీ అన్నారు, అదే అతుక్కుంది. ఆమెకు రెండు పెదవులున్నది ఒకటి విరవడానికి, రెండోది ఆ విరుపును మోయడానికి. పక్కింటివాళ్ళు కొత్త పరదాలు కడితే పెదవి విరుస్తుంది. వాన పడితే "ఇదీ ఒక వానేనా" అంటుంది. ఎండ కాస్తే ఎండ కూడా ఆమె ముందు కాస్త తప్పుచేసినట్టే కాస్తుంది.

పంటి డాక్టరు క్లినిక్కు రెండు గదులు. అద్దాల తలుపు అవతల మెత్తటి కుర్చీ, సన్నటి పాట, చేతులు కడుక్కునే డాక్టరు. ఇవతల పొడుగాటి గదిలో పళ్ళపిన్ని, సుద్దపొడి, గిర్రున తిరిగే మోటారు చక్రం. డాక్టరు రోగి నోటికి అచ్చు తీసి పంపిస్తాడు. ఆ అచ్చులో ఆమె సుద్ద పోసి దవడను తయారుచేస్తుంది, ఆ దవడ మీద పళ్ళ సెట్టు కడుతుంది. గోడ పొడవునా అరల్లో తెల్లటి దవడలే. మొహాలు లేవు, కళ్ళు లేవు. చెప్పబోతున్న మాట మధ్యలో ఎవరో దీపం ఆర్పేసిన సభలాగా ఉంటాయి. ఉదయం కిటికీలోంచి వెలుతురు వాటి మీద పడితే, ఊరంతా ఒక్కసారి నోరు తెరిచి ఆమెనే ఏదో అడగబోతున్నట్టు ఉంటుంది. ఆమె అడగనివ్వదు. మోటారు వేస్తుంది.

ఆమెకు తెలిసిన పనికి ఒకటే ప్రాణసూత్రం: గాలి దూరకూడదు. చిగుళ్ళకూ సెట్టుకూ మధ్య వెంట్రుకంత సందు ఉన్నా సెట్టు ఊడి అన్నంలో పడుతుంది. అందుకే అచ్చులో సుద్ద పోసేటప్పుడు, గడగడ వణికే చిన్న ఇనుప బల్ల ఒకటి ఉంటుంది, దాని మీద పెట్టి ఆడిస్తుంది. ఆ వణుకుకు లోపలి బుడగలన్నీ పైకి తేలి పగిలిపోతాయి. బుడగ మిగిలిన దవడను చూసినంత కోపంగా ఆమె మనుషుల్ని కూడా చూడదు. నేలకేసి కొట్టి మళ్ళీ పోస్తుంది. చివరికి ప్యూమిస్ పొడి తడిపి చక్రం మీద మెరుగుపెడుతుంది. కాళ్ళు రుద్దుకునే రాయి ఉంటుందే, దాన్నే పిండికంటే మెత్తగా కొట్టిన బూడిదరంగు పొడి అది. డబ్బాలకొద్దీ ఉంటుంది ఆమె దగ్గర.

భర్త లిఫ్టులు బాగుచేస్తాడు. నోట్లో నాలుక లేని మనిషి. పొద్దంతా బావుల్లాంటి చీకటి సందుల్లో తీగలు పట్టుకుని వేలాడి, ఎవరెవరినో పైకి పంపి కిందికి దించి, సాయంత్రానికి తను మాత్రం మెట్లెక్కి ఇంటికొస్తాడు. వాళ్ళ మేడకు లిఫ్టు లేదు.

"అందరికీ లిఫ్టులు పెట్టే మహానుభావుడు, పెళ్ళానికి మాత్రం మెట్లు," అంటుంది ఆమె గుమ్మంలోనే.

ఆయన చెప్పులు విప్పి, నవ్వీ నవ్వనట్టు నవ్వి, తిన్నగా వంటింటి కిటికీ దగ్గరికి పోతాడు. అక్కడ గూట్లో ఆయన మొక్క ఉంటుంది. ఎప్పుడో ఒక లిఫ్టులో ఇరుక్కుని బయటపడ్డ ముసలామె తడిగుడ్డలో చుట్టి ఇచ్చిన పిలక. విసనకర్ర విప్పినట్టు ఆకులు, వాటి మీద నీటి అడుగున వెన్నెల పడ్డట్టు మచ్చలు. స్లిప్పర్ ఆర్కిడ్ అంటారు. పువ్వు కింది రేకు జోడు ముందుభాగంలా బొద్దుగా, బోలుగా ఉంటుందట. ఉంటుందట అనే మాటే మిగిలింది ఇన్నేళ్ళుగా, అది ఒక్కసారీ పూయలేదు.

"చెప్పు పువ్వు" అని దానికి పేరు పెట్టింది పళ్ళపిన్ని. "ఎన్నేళ్ళకీ రాని చెప్పు కోసం కాలు చాపుకుని కూర్చున్నారు మీరు."

ఏడాదికోసారి ఆయన పాత కాగితం పరిచి, చెట్టు బెరడు ముక్కలు, బొగ్గు ముక్కలు, ఎండునాచు కలిపి కుండీ మార్చేవాడు. అదంతా చూసి ఆమె ముక్కు చిట్లించేది.

"మట్టి లేని మొక్కేమిటండీ? పొయ్యి అడుగున ఊడ్చినట్టుంది."

"దీనికి మట్టి పడదు. వేళ్ళకి..."

"తెలుసులెండి. వేళ్ళకి జోళ్ళు కావాలంటారు."

ఆయన వాక్యాలు చాలావరకు ఆ మొదటి సగం దగ్గరే ఆగిపోయేవి. రెండో సగాలన్నీ ఎక్కడికి పోయాయో ఆమె ఎప్పుడూ ఆలోచించలేదు.

ఒక సాయంత్రం ఆయన కిటికీ దగ్గర్నుంచి పిలిచాడు. "ఓసారి ఇలా వస్తావా?"

ఏదైనా చూడమని ఆయన ఆమెను పిలవడం కాపురంలో అదే మొదలు. చేతులు తుడుచుకుంటూ వెళ్ళింది. ఆకుల నడుమ, లోతుగా, గోరంత ఆకుపచ్చ కొన. మొగ్గ. ఆయన మొహం, చీకటి సందులోంచి ఒక్కసారిగా పైఅంతస్తు వెలుగులోకి వచ్చిన లిఫ్టులా ఉంది.

పళ్ళపిన్ని వంగి చూసింది. ఏదో ఒకటి అనాలి కదా. నోటికి అలవాటైనదే వచ్చింది.

"సెగగడ్డలా ఉంది," అంది.

ఆయన కిటికీ రెక్క దగ్గరికి లాగి, "చలిగాలి తగుల్తుంది," అని వెళ్ళిపోయాడు. ఆ రెక్క మూసిన చప్పుడు, పెద్ద చప్పుడేం కాదు, ఆమె చెవిలో ఇసకరేణువులా ఉండిపోయింది. సెట్టు కింద ఇరుక్కున్న గింజలా. తీద్దామంటే దొరకదు, వదిలేద్దామంటే గుచ్చుతుంది.

ఆ తర్వాత కొద్దిరోజులకే వేరే ఊళ్ళో ఉన్న ఆయన అన్నగారు మెట్ల మీంచి పడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. చూసుకునే దిక్కులేదు. ఆయన సెలవు పెట్టి బయల్దేరాడు. సంచీ భుజానికి తగిలించుకుని, కిటికీ దగ్గర నిలబడి, మామూలుకన్నా ఎక్కువే మాట్లాడాడు.

"పైపైన తడి ఆరకముందే నీళ్ళు పోస్తూ ఉండు. కుండీలో మిక్సు పాతబడింది, బెరడంతా కుళ్ళి మెత్తబడిపోయింది. అయినా మొగ్గ మీదుంది, ఇప్పుడు కదపొద్దు. వచ్చాక నేనే చూసుకుంటాను."

"మీరొచ్చేసరికి పూస్తుందంటారా?"

"పూస్తుందేమో," అన్నాడు. ఆ 'ఏమో'లో ఆయన పెట్టుకున్న ఆశంతా ఉంది. అది ఆమె విన్నది. 'కదపొద్దు' మాత్రం వినలేదు. 'కుళ్ళింది' విన్నది. కుళ్ళిన దాన్ని అలాగే ఉంచమనే మనిషి పనితనం ఎలాంటిదో ఆమెకు వేరే చెప్పాలా?

ఆ పువ్వు విచ్చుకుని ఉండగా ఆయన గుమ్మంలోకి అడుగుపెట్టాలి. సెగగడ్డ మాటకు అంతకంటే మంచి జవాబు లేదు. క్షమించండి అనడం ఆమె నోటికి పట్టే సైజు కాదు.

అయినా ఆ పని రేపో ఎల్లుండో అని వాయిదా పడేదే, ఆడపడుచు రాకపోయుంటే. ఆయన చెల్లెలు పక్కవీధిలో జిరాక్సు కొట్టు నడుపుతుంది. కాగితాలకు నకళ్ళు తీసీ తీసీ, మనుషుల మాటలకు కూడా నకలు తీసి ఇంకొకరికి అందించే అలవాటు పడింది.

"అన్నయ్య ఓసారి చూసి రమ్మన్నాడు వదినా," అంది, కుర్చీ లాక్కుంటూ.

"ఎవర్ని? నన్నా, చెప్పునా?"

"మొక్కని."

"అదే అనుకున్నా. నన్ను చూడ్డానికి ఎవరొస్తారు, నేనేమైనా మొగ్గ తొడిగానా?"

"అది కాదు వదినా. నీకు మొక్కలు అచ్చిరావు కదా అని."

"ఆ మాట మీ అన్నయ్య అన్నాడా, నువ్వంటున్నావా?"

ఆడపడుచు కాఫీ గ్లాసులోకి చూసింది. "ఇద్దరం అనుకున్నాం."

"ఓహో. కమిటీ కూర్చుందన్నమాట."

"కోపం దేనికి? మీ డాక్టరుగారి గదిలో ప్లాస్టిక్ మొక్క కూడా నువ్వు తుడిచాకే రంగు పోయిందని నువ్వే చెప్పావుగా."

పళ్ళపిన్ని పళ్ళు పటపటలాడాయి. అవి మాత్రం సొంతవే. ఆడపడుచు వెళ్ళిపోతూ కుండీలో వేలు పెట్టి, "తోటమట్టి కాస్త వేస్తే పోలా?" అంది. ఆ వేలిని చూసిన చూపుకు ఇంకో ఆడపడుచయితే వారం పాటు జ్వరం తెచ్చుకునేది.

మర్నాడు పళ్ళపిన్ని విత్తనాల కొట్టుకు వెళ్ళింది. కొట్టుమనిషి ఒక సంచీ తీసి బల్ల మీద పడేశాడు. సంచీ మీద పెద్ద ఊదారంగు పువ్వు బొమ్మ. లోపల అగ్గిపెట్టెలంత బెరడు పలకలు.

"అన్ని ఆర్కిడ్లకీ ఇదేనమ్మా."

"ఇది పొయ్యిలోకా, కుండీలోకా?"

"ఆర్కిడ్లు చెట్లెక్కి బతికేవి కదమ్మా. వాటికి పెద్ద ముక్కలే..."

"మాది స్లిప్పర్. చెప్పు ఎక్కడుంటుందయ్యా, నేల మీద. నువ్వు నెత్తిమీద పెట్టుకుంటావా?"

కొట్టుమనిషి నవ్వాపుకుని గడ్డం గోక్కున్నాడు. "ఓ, ఆ రకమా. అది నేల మీద రాలిన ఆకుల్లో పెరుగుతుంది. దీంట్లో వేస్తే ఎండిపోతుంది లెండి. దానికి సన్నది కావాలి. సన్న బెరడు, బొగ్గు, కాస్త ప్యూమిస్. నా దగ్గర కలిపింది ఉంది..."

"ప్యూమిసా?" పళ్ళపిన్ని విరిచిన పెదవి అలాగే ఆగింది. "ప్యూమిస్ నాకు అమ్ముతావా నువ్వు? పుట్టి బుద్ధెరిగినప్పట్నుంచీ ఆ పొడి పీలుస్తున్నా. నువ్వు అమ్మేదానికంటే సన్నది ఉంది నా దగ్గర!"

"పొడి కాదమ్మా, అది..."

ఆ మనిషి వాక్యం కూడా మొదటి సగం దగ్గరే ఆగిపోయింది. ఆమె అప్పటికే మెట్లు దిగేసింది.

దార్లో పైఅంతస్తు మాస్టారు ఎదురయ్యాడు. ఫోనులో వీడియోలు చూసి మొక్కలు పెంచే మనిషి. సంగతి విని కళ్ళు మెరిపించాడు.

"కొబ్బరిపొట్టు పిన్నీ! మూడుసార్లు కడిగి, ఆరబెట్టి, మళ్ళీ కడిగి..."

"మీ మేడ మీద ఏం బతికింది మాస్టారూ?"

"బతకడం కాదు పిన్నీ, పద్ధతి ముఖ్యం."

ఇలాంటి వాళ్ళ చేతుల్లోనే ప్రపంచం నడుస్తోందని, అందుకే ఇలా నడుస్తోందని ఆమె అనుకుంది.

క్లినిక్కు సెలవు రోజున కుండీని సంచీలో పెట్టుకుని పనిగదికి వెళ్ళింది. దవడలన్నీ నోళ్ళు తెరుచుకుని చూస్తున్నాయి. మొక్కను పైకి లాగితే పాత బెరడు నల్లటి ముద్దలా రాలింది. "ఇదా ఈయన సంరక్షణ!" అంది దవడలతో. వేళ్ళు గోధుమరంగులో, నూగుతో, గొంగళిపురుగుల్లా ఉన్నాయి. కడిగింది. తర్వాత తనకు తెలిసిన పని మొదలుపెట్టింది. ఇంట్లో ఆయన దాచుకున్న బెరడునూ బొగ్గునూ తెచ్చింది కదా, వాటిని రోట్లో వేసి పొడి కొట్టింది. సన్నదని కదా అన్నాడు, ఇంతకంటే సన్నది వాడి తాతకు కూడా తెలియదు. ప్యూమిస్ డబ్బా తిరగేసింది. నీళ్ళు పోసి సుద్ద కలిపే గరిటెతో నున్నటి ముద్ద చేసింది. వేళ్ళ మధ్య సందు లేకుండా నింపింది. ఆ తర్వాత, ఈ లోకంలో మరే తోటపనివాడికీ తట్టని పని చేసింది. కుండీని తీసుకెళ్ళి ఇనుప బల్ల మీద పెట్టి మీట నొక్కింది.

గడగడమని బల్ల వణికింది. మచ్చల ఆకులు వణికాయి. ముద్ద పైకి బుడగలు తేలి ఒక్కొక్కటే పగిలాయి, నిద్రలో ఎవరో చిన్నగా పెదవులు విప్పినట్టు. బుడగ పగిలినప్పుడల్లా ఆమె తల ఊపింది. అవి ఆ మొక్క వేళ్ళ మధ్య దాచుకున్న ఊపిరి అని ఆమెకు తోచలేదు. చివరి బుడగ దాకా ఆగి, మీట కట్టేసి, తడి బొటనవేలితో పైభాగం నున్నగా రాసింది. అద్దంలా మెరిసింది.

"ఇదీ పనంటే," అంది. దవడలు ఒప్పుకున్నట్టే ఉన్నాయి. వాటికి ఒప్పుకోకపోవడం రాదు.

కుండీ మళ్ళీ వంటింటి కిటికీకి చేరాక ఆడపడుచు చూసి, "ఎంత నున్నగా ఉంది వదినా! సిమెంటు చేయించావా?" అంది.

"నీ మొహం. మీ అన్నయ్య పదేళ్ళలో చెయ్యలేని పని."

మొదట్లో మొక్క బాగానే ఉన్నట్టు ఉంది. తడి ఆరేదే కాదు కాబట్టి నీళ్ళ బెంగ కూడా లేదు. తర్వాత అడుగు ఆకు అంచు పచ్చబడింది. ఇంకో ఆకు, అలిసిన మనిషి చెయ్యి కుర్చీ పక్కనుంచి జారినట్టు, కుండీ అంచు మీంచి జారింది. మొగ్గ కాస్త పైకి లేచినట్టే లేచి ఆగిపోయింది. పళ్ళపిన్ని మొక్కనే తప్పుపట్టింది. పెట్టి పుట్టని మొక్క అంది. ఇన్నేళ్ళూ చెత్తలో బతికినదానికి మంచి పక్క వేస్తే నిద్రెలా పడుతుందంది. కిటికీ దగ్గర పుల్లటి వాసన మొదలైతే సింకు కడిగింది. సింకు పాపం, ఏమీ అనలేదు.

"వదినా, ఇది పోతోంది," అంది ఆడపడుచు, ఈసారి వెటకారం లేకుండా. ఆ వెటకారం లేకపోవడమే పళ్ళపిన్నిని ఎక్కువ భయపెట్టింది. ఆడపడుచు జాలిపడే స్థితికి వచ్చిందంటే మనిషి బతుకు ఏ అంతస్తులో ఆగినట్టు?

ఆ వారమే డాక్టరు ఒక ముసలి కండక్టరును వెనకగదికి పంపాడు. ఆయన నోట్లో ఉన్నది ఆమె కట్టిన కొత్త సెట్టే.

"పళ్ళు అద్భుతంగా ఉన్నాయమ్మా," అన్నాడు ఆయన, దవడ పట్టుకుని. "రాయిలా కూర్చున్నాయి, లాగినా రావు. కానీ చిగుళ్ళు ఒకటే మంట. వాచిపోయాయి."

"పడుకునేటప్పుడు తీస్తున్నారా?"

"తీయడమెందుకమ్మా, అంత బాగా కూర్చున్నాక?"

పళ్ళపిన్ని గరిటె బల్ల మీద పెట్టింది. ఈ ప్రశ్నకు ఆమె దగ్గర అరిగిపోయిన జవాబొకటి ఉంది, అరిగినా పదును పోలేదు.

"బుద్ధుందా అండీ మీకు? ఎంత బాగా కూర్చుంటే అంతగా తీయాలి. పగలంతా మూతపెట్టి, తడిలో నానబెట్టి, మళ్ళీ పడుకునేటప్పుడూ బిగించి పెడితే పచ్చిమాంసం కుళ్ళదూ? చిగుళ్ళకి గాలి తగలాలి. ప్రాణమున్నదేదైనా..."

మొట్టమొదటిసారి ఆమె వాక్యమే సగం దగ్గర ఆగిపోయింది. నోరు అలాగే తెరుచుకుని ఉండిపోయింది, అరలో ఇంకో దవడలాగా.

"ప్రాణమున్నదేదైనా?" అన్నాడు కండక్టరు.

"ఇంటికెళ్ళండి," అంది. "పళ్ళు తీసి ఇంటికెళ్ళండి."

ఆ సాయంత్రం కుండీ బోర్లించింది. ముద్ద మొత్తం ఒక్కసారిగా ఊడి వచ్చింది, కుండీకి అచ్చు తీసినట్టు, అంచు గీతలతో సహా. మామూలుగా అయితే అలాంటి అచ్చు చూసి ఆమె మురిసిపోయేది. చేత్తో విరిస్తే మధ్యలో వేళ్ళు మెత్తగా, జారుగా, నానిన దారాల్లా వచ్చాయి. మెత్తటి బ్రష్షుతో, నీళ్ళ కింద, చిగుళ్ళు తోమినంత సుతారంగా తోమింది. చాలావరకు పోయాయి. గట్టిగా నిలబడినవి కొన్నే. ఇప్పుడు వాటికేం పెట్టాలో తనకు తెలియదు. తెలియదు అనే మాట ఎంత పెద్దదో నోట్లో పెట్టుకుంటే గానీ తెలియలేదు ఆమెకు.

భర్తకు ఫోను చేసింది. అన్నగారి సంగతి అడిగింది, ఆయన చెప్పాడు.

"మిక్సు మార్చాను," అంది.

"దేంతో?"

"ప్యూమిస్ తో. కొట్లో అతను చెప్పాడు."

"రాయి ముక్కలే కదా?"

ఆమె జవాబు చెప్పలేదు. ఆమె ఇంటిపనులన్నీ ఎలా చేస్తుందో ఆయనకు తెలుసు. ఆమె చపాతీ కర్ర దగ్గర్నుంచి దుప్పటి మడతల దాకా గాలి దూరని కాపురం ఆయనది.

"బల్ల మీద పెట్టి ఆడించావా?" అన్నాడు మెల్లగా.

"...ఆ."

లిఫ్టాయన నవ్వాడు. వెక్కిరింత కాదు, ఆపుకోలేక వచ్చిన నవ్వు. ఫోనులో వినబడ్డ ఆ నవ్వును ఆమె అంతకుముందెప్పుడూ వినలేదు. ఎంత మంది నవ్వులు కట్టినా, ఇంట్లో మనిషి నవ్వు ఎలా ఉంటుందో ఇప్పుడే తెలిసింది. నవ్వి నవ్వి ఆయన గొంతు సర్దుకున్నాడు.

"మొగ్గ?"

"ఉంది. నల్లబడుతోంది."

ఆమె ఫోను ఇంకో చెవికి మార్చుకుంది.

"నేనేం చెయ్యాలి?" అంది ఆమె. సాయం కోరుతూ ఆయన్ని ఆమె అడిగిన మొదటి ప్రశ్న అది. ఇన్నాళ్ళూ అడిగినవి చాలావరకు ప్రశ్నార్థకం తగిలించిన తిట్లే.

ఆయన చెప్పాడు. మధ్యలో ఎవరూ ఆపకపోవడంతో మొదట కాస్త తడబడి, తర్వాత వాక్యాలన్నీ చివరిదాకా చెప్పాడు. "చెడిన వేళ్ళు కత్తిరించెయ్. చిన్న కుండీ తీసుకో, వేళ్ళు పట్టేంతే. బెరడు పాలపళ్ళంత ఉండాలి, ముందుపళ్ళు. బొగ్గు కూడా అంతే, తక్కువ వెయ్యి. ప్యూమిస్ అయితే చిన్నపిల్లల దవడపన్నంత ముక్కలు, పొడి ఒక్క రవ్వ కూడా వద్దు, జల్లించు. నాచు చిటికెడు, తడి పట్టి ఉంచడానికి. నొక్కకు. రెండుసార్లు కుండీని తట్టు, చాలు. ముక్కకీ ముక్కకీ మధ్య సందు ఉండాలి."

"పళ్ళ మధ్య సందులుంటే మేం తీసి పారేస్తాం."

"తెలుసు. అందుకే పళ్ళతో చెప్పాను."

మర్నాడు విత్తనాల కొట్టుమనిషి ఆమెను చూసి సంచీ ఎత్తి బల్ల మీద పెట్టాడు. "పొయ్యిలోకా అమ్మా, కుండీలోకా?"

పంటిబిగువున భరించింది. "కుండీలోకే. ఆ రోజు నువ్వు చెప్పబోయి ఆగిన మాట కూడా ఇవ్వు, కలుపుకుంటాను."

వంటింట్లో నేల మీద పాత కాగితం పరుచుకుని కూర్చుంది. ఆడపడుచు నాచు విడదీస్తూ ఎదురుగా కూర్చుంది, ఎవరూ రమ్మనకుండానే. పళ్ళపిన్ని పనిగది జల్లెడ తెచ్చి ప్రతి ముక్కనూ జల్లించి ఏరింది. సైజు తప్పిన ముక్కను చూసి "ఇదీ ఒక ముక్కేనా" అని విసిరింది.

"ఎంత ఏరతావు వదినా, అదేమన్నా పెళ్ళిసంబంధమా?"

"మా పెళ్ళిసంబంధం ఇంత ఏరలేదులే. ఏరితే నువ్వు ఆడపడుచువి అయ్యేదానివి కాదు."

నొక్కలేదు. రెండుసార్లు తట్టింది. చెయ్యి ఇంకోసారి తట్టబోయింది, ఒళ్ళో పెట్టుకుంది. మొక్క కుండీలో వదులుగా, నిలబడీ నిలబడనట్టు ఉంది. ఇంత చేతకాని పని ఆమె చేతుల్లోంచి ఎన్నడూ బయటికి పోలేదు. నీళ్ళు పోస్తే గలగలమని అడుగునుంచి దిగిపోయాయి.

మొగ్గ బతకలేదు. ఒక ఉదయం ముట్టుకోగానే చేతిలోకి వచ్చేసింది, పాలపన్ను ఊడినంత తేలిగ్గా, నొప్పిలేకుండా. నొప్పి తర్వాత వచ్చింది. సెగగడ్డలా ఏం లేదు. అరచేతిలో చిన్న పడవలా ఉంది, ఎక్కడికీ వెళ్ళని పడవ. చెత్తబుట్టలో వెయ్యడానికి చెయ్యి రాలేదు. కిటికీ గూట్లో, కుండీ పక్కనే పెట్టింది. ఆయన ఎలాగూ చూస్తాడు. దాచిపెట్టేవాళ్ళంటే కూడా ఆమెకు చులకనే.

అన్నగారు కర్ర సాయంతో నడవడం మొదలుపెట్టాక ఆయన తిరిగొచ్చాడు. మెట్లెక్కి, చెప్పులు విప్పి, అలవాటుగా కిటికీ దగ్గరికి పోయాడు. ఆడపడుచు అప్పటికే వచ్చి కూర్చుంది. ఇలాంటి ఘట్టానికి అసలు కాగితం తన దగ్గర లేకపోతే ఎలా?

ఆయన ఎండిన మొగ్గను చూశాడు. ముట్టుకోలేదు. ఇన్నేళ్ళు ఎదురుచూసిన మనిషి భుజాలు, తీగ తెగని లిఫ్టులా, నెమ్మదిగా ఒక అంతస్తు దిగాయి. తర్వాత కుండీని ఎత్తి చూసి, కదిపి, ముక్కుదగ్గర పెట్టుకుని వాసన చూశాడు.

"పాపం అన్నయ్యా," అంది ఆడపడుచు. "ఎలా పోయిందంటావు?"

"నాదే తప్పు," అన్నాడు ఆయన. "వెళ్ళేముందే మిక్సు మార్చాల్సింది. పాత బెరడు మూలంగానే..."

"ఆగండాగండి," అంది పళ్ళపిన్ని పొయ్యి దగ్గర్నుంచి. "అబద్ధం చెప్పడం కూడా సరిగా రాదు ఈ మనిషికి. పాత బెరడూ లేదు, వంకాయా లేదు. వద్దన్న పని చేసి నేను చంపాను. మీ చెల్లెలికి తెలియదనా? సిమెంటు చేయించావా అని అడిగింది తనే. ఈవిడ పదిమందికి పంచేదేదో అసలుదే పంచనివ్వండి. దొంగ నకళ్ళు దేనికి?"

పొంగబోతున్న పాలను దించింది.

"ఇంకోటుంది," అంది ఆమె ఇటు తిరక్కుండానే. "ఆ రోజు నేనన్న మాట. సెగగడ్డ. అది కూడా తప్పే. చూపు ఆనక అన్నాను."

చూపు ఆనని మనిషి వెంట్రుకంత సందును ఎలా పట్టుకుంటుందని ఆయన అడగలేదు.

"పువ్వు మళ్ళీ ఎప్పటికి?" అంది పళ్ళపిన్ని.

"ఈ పిలక ఇక పూయదు. కొత్త పిలక రావాలి. పెరగాలి. ఏళ్ళు పడుతుంది."

"బాగుంది. ఏళ్ళు! దాని వేగం చూస్తే మీరే నయం." గ్లాసులు తీసుకొచ్చి ఆయనకొకటి, ఆడపడుచుకొకటి పెట్టింది. తనూ కిటికీ దగ్గర నిలబడింది, ఎవరూ ఇలా రమ్మని పిలవకుండానే. వంగి, అడుగు ఆకు పక్కకు తీసి, బెరడు ముక్కల సందులోకి చూసింది. పనిగదిలో కొత్త అచ్చును చూసినంత దగ్గరగా, అంత అపనమ్మకంగా చూసింది. అక్కడ బొగ్గుముక్కను పక్కకు నెట్టుకుంటూ ఒక తెల్లటి మొన, లేతగా, పిల్లల మొదటి పన్నులా, కనబడీ కనబడకుండా ఉంది. ఆయన ఇంకా చూడలేదు.

పళ్ళపిన్ని పెదవి విరిచింది.

"వస్తోంది," అంది. "వంకరగా వస్తోంది."